ఆగినచోటు

జవహర్‌నగర్ అనగానే హైదరాబాదు నగరవాసులకు మొదట తోచునది చెత్తగుట్ట. నగరము వద్దనుకొన్న వస్తువులు లారీలలో ఇచ్చటికే వచ్చి చేరినవి. 2020లో చెత్తనుండి విద్యుత్తును తీయు కర్మాగారము ఇచ్చట పనిచేయ నారంభించినది. అయినను గుట్ట గుట్టగానే ఉన్నది. అట్టి ఊరిలో కాపురముండువారికి, ఏ వస్తువునైనను పారవేయుటకు ముందు ఒక క్షణము ఆలోచించు అలవాటు కలుగుట సహజము. అట్లు పారవేయబడబోయి, ఆగిన ఒక పాత కంప్యూటరు కథను నేడు మనవి చేసెదను.

మా వీధిలో డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచున్న బాలిక ఒకతె ఉన్నది. తండ్రి ఆటో నడుపును. తల్లి ఇంటివద్దనే బట్టలు కుట్టును. మేనమామ వాడి విడిచిన కంప్యూటరు వారి ఇంట ఉన్నది. దాని వయస్సు పదునైదేండ్లు. అందులో విండోస్ 10 నడుచుచుండెను. 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతా సాధనము ఉన్న యంత్రములనే అంగీకరించును. పాత యంత్రమునకు అది లేదు. అందుచే ఆ బాలిక ఉచితముగా లభించు డెబియన్ లినక్సును ఎక్కింపబూనినది. నాలుగుమార్లు ప్రయత్నించినది, నాలుగుమార్లును విఫలమైనది.

తండ్రి విసిగి, "ఇగ కబాడీకి ఇచ్చేస్త సార్, జాగ అన్న మిగులుతది" అన్నాడు. తల్లి కుట్టుమిషను వద్దనుండి తల యెత్తకయే, "దారం తెగితే మిషన్ అమ్ముకుంటమా?" అన్నది. ఈ రెండు మాటల నడుమ నన్ను పిలిచినారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న యంత్రమును గురించినది కాదు. "అందులో మీవి ఏమేమి ఉండెను?" అని అడిగితిని. బాలిక ముఖము చిన్నబోయినది. కాలము చేసిన నాయనమ్మ ఫోటోలు అందులోనే ఉండెనట. మొదటి ప్రయత్నముననే, డిస్కునంతటిని తుడిచివేయవచ్చునా అని అడిగిన ప్రశ్నకు ఆమె సరేయని నొక్కినది. శ్రోతలు ఈ ఒక్క సంగతిని తప్పక గుర్తుంచుకొనవలెను. కొత్త ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించుటకు ముందు, మన ఫోటోలను, పత్రములను వేరొకచోట భద్రపరచుకొనవలెను. తుడిచివేతకు సమ్మతించిన పిదప విచారించి ఫలము తక్కువ. అయితే తుడిచినంతమాత్రమున అంతయు నశింపదు. కొత్త ఫైళ్లు పైన పడనంతవరకు పాతవాటి జాడ డిస్కులో మిగిలియుండును. అందుచే ఇక ఒక్కసారియైనను ప్రయత్నింపవద్దని చెప్పి, ఆ డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి వెదకినాము. కొన్ని ఫోటోలు దక్కినవి. కొన్ని పోయినవి.

ఇక మరమ్మతు సంగతి. "ఎక్కడ ఆగింది?" అని అడుగగా, "ఏమో సార్, ఏదో ఇంగ్లీషుల వచ్చి ఆగిపోయింది" అన్నది. చాలమంది ఇండ్లలో వినవచ్చు సమాధానమిదియే. కాని తెరపై కనిపించిన ఆ వాక్యమే రోగి చెప్పు బాధ. దానిని ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనవలెను. లేదా ఫోనుతో ఫోటో తీయవలెను. ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించుటలో స్థూలముగా నాలుగు మెట్లు కలవు. యంత్రము పెన్‌డ్రైవును గుర్తించుట మొదటిది. అందలి ఇన్‌స్టాలరు మేల్కొనుట రెండవది. డిస్కులో చోటు ఏర్పరచి ఫైళ్లను దింపుట మూడవది. మరల వెలిగించినప్పుడు ఆ వ్యవస్థను పిలుచు బూట్ లోడరును నిలుపుట నాలుగవది. ఏ మెట్టున కాలు జారినదో తెలిసినచో సగము వైద్యము జరిగినట్లే.

ఆమె చేత ఒక నోటుపుస్తకము పట్టించి మరల మొదలిడినాము. మొదటి మెట్టుననే ఒక వింత కనబడినది. ఉదయము పెన్‌డ్రైవును గుర్తింపని యంత్రము, సరిచేసిన పిదప గుర్తించినది. మరునాడు మరల మరచినది. గడియారము చూడగా 2009 జనవరి 1 అని ఉన్నది. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లవలె ఉండు సీఆర్ 2032 అను 3 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయినది. ప్లగ్గు తీసినప్పుడెల్ల, ముందు దేనిని చదువవలెనో మనము చేసిన ఏర్పాటును, తేదీని యంత్రము మరచిపోవుచున్నది. తేదీ తప్పినచో ఇంటర్నెట్టునుండి ఫైళ్లను తెచ్చుకొనుటయు కష్టమే. వాటి భద్రతా పత్రములు ఇంకను చెల్లవని యంత్రము నమ్మును. ప్లగ్గు తీసి బ్యాటరీ మార్చినాము. మొదటి చిక్కు వీడినది.

మూడవ మెట్టున రెండవ చిక్కు. ఫైళ్లు దిగుచు ఒకసారి నూటికి ఇరువది వద్ద, ఒకసారి అరువది వద్ద ఆగినవి. నోటుపుస్తకము చూచి తల్లి ఒక మాట అన్నది: "కుట్టు ఒక్క తావులనే తెగితే బట్టల తప్పు. ఏడబడితే ఆడ తెగితే సూదిల తప్పు." కంప్యూటరు శాస్త్రము చదువని ఆ యిల్లాలి మాట ఇచ్చట చక్కగా అమరినది. ప్రతిసారియు ఒకేచోట ఆగినచో పెన్‌డ్రైవులోని ఫైలును, డిస్కును అనుమానింపవలెను. ఆగుచోటు మారుచున్నచో మెమొరీని, వేడిని అనుమానింపవలెను.

అయినను ఊహతో సరిపెట్టుకొనక ఫైలును పరీక్షించినాము. డెబియన్ వారు ప్రతి ఫైలునకు 64 అక్షరములు, అంకెలు గల ఒక ముద్రను ప్రకటింతురు. దానిని ఎస్‌హెచ్‌ఏ 256 అందురు. మనము దింపుకొన్న ఫైలునుండి లెక్కించిన ముద్ర దానితో అక్షరమక్షరము సరిపోవలెను. సరిపోయినది. పిదప మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అను పరీక్షను రాత్రియంతయు నడిపించినాము. తెల్లవారుసరికి తెరపై ఎర్రని గీతలు. యంత్రములో 2 జీబీ చొప్పున రెండు ర్యామ్ పలకలు ఉన్నవి. ఒక్కొక్కదానిని విడిగా పెట్టి చూడగా ఒకటి చెడినదని తేలినది. దానిని తీసివేసి, మిగిలిన 2 జీబీకి తగినట్లు ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికైన తెరను ఎంచుకొన్నాము. ఆ పూట ఫైళ్లు కడవరకు దిగినవి.

మూడవ చిక్కు చిత్రమైనది. పెన్‌డ్రైవు ఉన్నప్పుడు కొత్త వ్యవస్థ వచ్చుచున్నది. తీసివేసినచో నల్లని తెర. బూట్ లోడరును ఎచ్చట ఉంచవలెనని ఇన్‌స్టాలరు అడిగినప్పుడు, బాలిక జాబితాలో మొదటిదానిని నొక్కినది. అది పెన్‌డ్రైవు! ఇంటి తాళపుచెవిని పొరుగింట మరచినట్లయినది. పెన్‌డ్రైవుతో వ్యవస్థలోనికి ప్రవేశించి, బూట్ లోడరును హార్డ్ డిస్కుపై మరల నిలిపినాము. ఈమారు పెన్‌డ్రైవు తీసి వెలిగించినది బాలికయే. తెర వెలిగినది.

ప్రతి పాత యంత్రమును బ్రతుకునని చెప్పుట సత్యము కాదు. 32 బిట్ల ప్రాసెసరు గలవానికి 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో ఇన్‌స్టాలరే లేదు. కావున ప్రయత్నమునకు ముందే ప్రాసెసరు ఏ తరగతిదో తెలిసికొనవలెను. ఒకమారు ఒక్కదానినే మార్చవలెను, మార్చినదానిని వ్రాసికొనవలెను. రెండు మూడు ఒక్కసారి మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు. సహాయము కావలసినవారు, తెలుగు లినక్సుకై పాటుపడిన హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థలవారిని అడుగవచ్చును.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పుట్టినవి. వానిలో పద్ధతి ప్రకారము సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నిబంధనలు, ఇట్టి వస్తువుల శుద్ధి అనుమతిపొందిన కేంద్రములలోనే జరుగవలెనని విధించుచున్నవి.

ఆ యింటినుండి బయటికి పోవలసినవి చచ్చిన బ్యాటరీ ఒకటి, చెడిన ర్యామ్ పలక ఒకటి. వానిని చెత్తబండిలో వేయనీయక, బాలిక ఒక డబ్బాలో విడిగా దాచినది. కంప్యూటరు కిటికీ ప్రక్కన యథాస్థానమున ఉన్నది. దక్కిన ఫోటోలను రెండుచోట్ల భద్రపరచుకొన్న తరువాతనే ఆమె తన పాఠములను అందులో తెరచినది.