విమర్శకుల గోష్ఠి

క్రొత్త గ్రంథమును కొనవలెనా, క్రొత్త నాటకమునకు పోవలెనా అని యోచించునపుడు మనము సాధారణముగా నొకరి తీర్పును కోరుదుము. బాగున్నదో లేదో ఒక్కమాటలో తేలిన చాలునని మన తొందర. ఈ తొందరకు లొంగక, తీర్పుతోపాటు దాని కారణములను గూడ శ్రోతల ముందుంచిన యొక రేడియో సంప్రదాయమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఇంగ్లండులో బి.బి.సి. వారు 1947లో 'ది క్రిటిక్స్' అను గోష్ఠిని ప్రారంభించిరి. గ్రంథము, చలనచిత్రము, నాటకము, చిత్రకళ, రేడియో - వీనియందు ప్రవేశముగల విమర్శకులు వారమున కొకమారు కూడి క్రొత్త కృతులను చర్చించెడివారు. అది 1969 వరకు సాగినది. పిమ్మట 1974 నుండి 1990 వరకు 'క్రిటిక్స్ ఫోరమ్', 1998 నుండి 2021 వరకు 'సాటర్‌డే రివ్యూ' ఆ పద్ధతినే నడిపినవి. కాలక్రమమున టెలివిజను కూడ చర్చలలో చేరినది.

ఈ గోష్ఠులలో నెవరును తమ విద్యకే పరిమితులు గారు. చిత్రప్రదర్శనమును గూర్చి నాటకవిమర్శకుడును, నవలను గూర్చి సినిమావిమర్శకుడును పలుకవలెను. తన విద్యలో పరిభాష చాటున దాగగల పండితుడు పరవిద్యలో మనవంటి ప్రేక్షకుడే యగును. నచ్చలేదన్నంతనే ప్రక్కవారు విడువరు, 'ఏల?' యని యడుగుదురు. అంతట నే ఘట్టము కుంటుపడినదో, ఏ పాత్ర పొసగలేదో చూపక తప్పదు.

పైగా శ్రోత ఆ పటమును చూడలేదు. దాని పరిమాణ మెంత, వెలుగు ఎటనుండి పడుచున్నది, కన్ను మొదట నెక్కడ నిలుచును - ఇవి చెప్పినగాని మెచ్చుకోలు వినువానికి అందదు.

గోష్ఠి ముగియునప్పటికి ఏకాభిప్రాయము కుదరకపోవచ్చును. దానివలన శ్రోతకు నష్టము లేదు. కొన్ని వారములు వినిన పిమ్మట నెవరి యభిరుచి ఎట్టిదో తెలిసి, తన యభిరుచిని గూడ తాను గుర్తించును.

నేడు ఫోను తెరపై సినిమాకు ఐదింట మూడు నక్షత్రములని యంకె కనబడును. అంకెతో వాదించుట కుదరదు. కారణము చెప్పినవారితో వాదింపవచ్చును. కావ్యములను పలుమారు పరిశీలించుటచే మనస్సు అద్దమువలె నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుడు నిర్వచించెను. అట్టి పరిశీలనమునకు ఎదుటివాని ప్రశ్న గొప్ప సహాయము.

మన యిండ్లలో నిది యసాధ్యము కాదు. అందరును సినిమా చూచి వచ్చిన రాత్రి, బాగున్నదన్న పిల్లవానిని 'ఏది బాగున్నదిరా?' యని యడిగి, వాడు చెప్పునది చివరివరకు వినుదము.