చుట్టాలొస్తే అమ్మ ఎక్కడ పడుకుంటుంది?

ఈరోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే. ఇల్లు చిన్నది. చుట్టాలు ఎప్పుడో ఒకసారి వస్తారు, వస్తే ఒకటి రెండు రాత్రులు ఉంటారు. వాళ్ళ కోసం ఎక్స్‌ట్రా మంచం ఏది కొనాలి? సోఫా కమ్ బెడ్డా, మడత మంచమా, గాలి పరుపా, లేకపోతే చాప చాలా? ఈ విషయంలో నేను ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నా. మీరు పోగొట్టుకోకూడదని ఈ ఎపిసోడ్.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

మా ఇల్లు వీడియోల్లో చూస్తూనే ఉంటారు కదా. ముందు వసారా, తర్వాత హాలు, ఒక బెడ్‌రూము, వెనక వంటిల్లు. అంతే. బెడ్‌రూములో మంచం అమ్మానాన్నలది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చాక హాల్లో సోఫా నాది. రెండేళ్ళ కిందట నవంబరులో మా మేనత్త వాళ్ళు నలుగురూ వచ్చారు. బయట ముసురు. మంచం మీద అత్త, వాళ్ళమ్మాయి. సోఫా మామయ్యకి. హాల్లో కింద నాన్న, నేను, మా బావ. అందరం పడుకున్నాం, సర్దుబాటు అయిపోయింది అనుకున్నా.

రాత్రి రెండింటికి దాహం వేసి వంటింట్లోకి పోయా. కరెంటు లేదు. ఫోన్ లైటు వేసేలోపే నా కాలు మెత్తగా దేనిమీదో పడింది. అమ్మ చెయ్యి. గ్యాస్ సిలిండరుకీ గోడకీ మధ్య చాప వేసుకుని పడుకుని ఉంది. కింద గచ్చు చెమ్మగా ఉంది. "ఇక్కడెందుకమ్మా?" అంటే, "నాకు అలవాటే కదరా అబ్బయ్యా, పొయ్యి పడుకో" అంది.

అలవాటే. అంటే నా చిన్నప్పట్నుంచీ చుట్టాలు వచ్చిన ప్రతిసారీ అదే జరుగుతోంది. నేను చూళ్ళేదు. తెల్లారి అమ్మ గోడ పట్టుకుని లేవడం చూశా. మోకాళ్ళు పట్టేసి రెండు నిమిషాలు అలాగే నిలబడింది. తర్వాత ఏడుగురికి ఇడ్లీ పెట్టింది.

ఆ వారమే కోపంగా ఆన్‌లైన్‌లో ఒక సోఫా కమ్ బెడ్ ఆర్డర్ పెట్టా. కొలతలు తీయలా, ఆలోచించలా. అది నా మొదటి తప్పు. లాగితే మంచం అవుతుంది, నిజమే. కానీ లాగడానికి ముందు మూడడుగుల ఖాళీ కావాలి. మా హాలు పది బై పన్నెండు. టీవీ స్టాండు జరపాలి, ఫ్రిజ్ డోరు తెరుచుకోదు. పైగా మాది సముద్రం పక్క ఊరు. ఉప్పు గాలి. ఒక వానాకాలం గడిచేసరికి కింద ఉండే ఇనప పట్టాలు తుప్పు పట్టి జామ్ అయిపోయినాయి. కంపెనీకి ఫోన్ చేస్తే తుప్పుకి వారంటీ లేదన్నారు. ఇప్పుడది మంచం కాదు, బరువైన సోఫా.

అప్పుడు ఇంజినీరు బుర్ర పనిచేసింది. కొనే ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకోవాలి కదా! ఫోన్లో ఒక నోట్ తెరిచి, ఏడాది పాటు ఎవరు వచ్చారు, ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఏ నెల అని రాశా. మా ఇంటి లెక్క ఇది: ఏడాదిలో 11 సార్లు వచ్చారు, మొత్తం 19 రాత్రులు. ఎక్కువసార్లు ఒకరో ఇద్దరో. నలుగురు వచ్చింది రెండుసార్లే.

ఈ లెక్కలో రెండు సంగతులు తెలిశాయి. మొదటిది, 19 రాత్రులు పోను మిగతా 346 రోజులు ఆ మంచం వాడం. కాబట్టి వేసినప్పుడు ఎలా ఉంటుందో చూసేముందు, మడిచినప్పుడు ఎక్కడ ఉంటుందో చూడాలి.

రెండోది నెలల సంగతి. మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అందరూ ఇంటిపట్టున ఉంటారు, పిల్లలకి సెలవులు, పెళ్ళిళ్ళు కూడా అప్పుడే. జనం ఎక్కువ వచ్చేది ఆ రోజుల్లోనే. కానీ అప్పుడు ఇబ్బంది లేదు, డాబా మీద చాపలు పరిస్తే పదిమంది పడుకుంటారు. అసలు ఇబ్బంది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడే. డాబా లేదు, వసారాలో జల్లు కొడుతుంది, కింద గచ్చు చెమ్మ. 1989 నవంబరులో పెద్ద తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. అప్పుడు అమ్మ టెన్త్ చదివే వయసు. గుడిసెలు పోయినవాళ్ళంతా వాళ్ళింట్లోనే తలదాచుకున్నారంట, కూర్చుని నిద్రపోయారంట. అంత కాకపోయినా, వానాకాలంలో వచ్చే ఇద్దరి కోసమే మనం మంచం చూసుకోవాలి.

సరే, ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం.

గాలి పరుపు. మడిస్తే సంచిలో పట్టేస్తుంది, అది ప్లస్. కానీ కొత్తలో సాగుతుంది, తెల్లారేసరికి మెత్తబడుతుంది. కరెంటు పంపు అయితే కరెంటు పోయినప్పుడు పనిచేయదు, కాలితో తొక్కే పంపు కూడా ఉంచుకోవాలి. చలికాలం కింద నుంచి చల్లగా తగులుతుంది, పైన దుప్పటి మందంగా వేయాలి. ఒక ముఖ్యమైన సంగతి: ఏడాది లోపు పసిబిడ్డల్ని గాలి పరుపు మీద పడుకోబెట్టకండి. మెత్తటి పరుపులో మొహం కూరుకుపోతే ఊపిరి ఆడదు. చంటిపిల్లలతో చుట్టాలు వచ్చే ఇల్లయితే ఇది వద్దు.

కింద వేసుకునే పరుపు. మూడు మడతల ఫోమ్ పరుపు గానీ, అమ్మమ్మ కుట్టిన బొంత గానీ. నాలాంటివాళ్ళకి ఇది చాలు. జపాన్‌లో ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఫుటాన్ అని రాత్రి పరిచి, పొద్దున మడిచి అలమరలో పెట్టేస్తారు. కానీ వాళ్ళు దాన్ని ఎండలో వేస్తారు. ఆ ఎండలో వేయడమే అసలు పాయింటు. కింద ప్లాస్టిక్ చాప వేసి, దాని మీద పరుపు వేయండి. పొద్దున్నే ఎత్తి గోడకి నిలబెట్టండి. అలాగే వదిలేస్తే అడుగున బూజు పడుతుంది. మా వైపు వానాకాలం జెర్రులు, తేళ్ళు కూడా వస్తాయి, కింద పడుకుంటే దోమతెర అంచులు పరుపు కింద దోపాలి.

మడత మంచం. రెడీమేడ్‌వి చాలా వరకు ఎత్తు తక్కువ. వయసులో ఉన్నవాళ్ళకి పర్లేదు. కానీ పెద్దవాళ్ళ సంగతి వేరు. పడుకోవడం ఎవరైనా పడుకుంటారు. రాత్రి మూడింటికి బాత్రూముకి లేవడమే కష్టం. కాబట్టి కొనేముందు ఈ టెస్టు చేయండి: పెద్దవాళ్ళని మంచం మీద కూర్చోబెట్టండి. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. మోకాలు తుంటి కంటే పైకి లేవకూడదు. చేతులు ఊనకుండా లేవగలగాలి. మా అమ్మకి అది పరుపుతో కలిపి 18 అంగుళాల దగ్గర సరిపోయింది. మీ అమ్మకి వేరే ఉండొచ్చు, టేపు పెట్టి చూడండి.

ఇంకో టెస్టు. సింగిల్ మంచం అంటే దాదాపు ఆరడుగులు బై మూడడుగులు. ఆ కొలతకి గచ్చు మీద సుద్దముక్కతో గీత గీయండి. తలుపులన్నీ తెరిచి చూడండి. చీకట్లో బాత్రూముకి పోయే దోవ రెండడుగులైనా మిగలాలి. నేను సోఫా కమ్ బెడ్ కొనేముందు ఈ సుద్దముక్క పని చేసుంటే, డబ్బులు మిగిలేవి.

చివరికి నేను చేసింది చెప్తా. కావలిలో ఒక వెల్డింగ్ షాపులో మడత మంచం చేయించా. జీఐ పైపు, 18 అంగుళాల ఎత్తు. జీఐకి పైన జింకు పూత ఉంటుంది కాబట్టి తొందరగా తుప్పు పట్టదు. కానీ వెల్డింగ్ చేసినచోట ఆ పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని జాయింట్ల దగ్గర ప్రైమర్ రెండు కోట్లు, పైన పెయింటు దగ్గరుండి వేయించా. కాళ్ళకి రబ్బరు బుష్‌లు. నవారు నైలాన్‌ది. నూలు నవారు ఒంటికి హాయిగా ఉంటుంది గానీ వదులైపోతుంది, మాటిమాటికీ బిగించాలి. మడిస్తే బీరువా పక్క సందులో నిలబడుతుంది. దానికి తోడు మూడు మడతల పరుపులు రెండు, నాకూ బావకీ.

పోయిన నవంబరులో అత్త వాళ్ళు మళ్ళీ వచ్చారు. కొత్త మంచం హాల్లో వేశా. పది నిమిషాల తర్వాత చూస్తే దాని మీద మామయ్య ఉన్నాడు, అమ్మ చాప చుట్టుకుని వంటింటి వైపు పోతోంది. నిజంగా చెప్తున్నా, తల కొట్టుకున్నా. కొలతలన్నీ తీశాను గానీ, ఆ మంచం ఎవరిదో నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అందరి ముందే అన్నా: "మామయ్యా, ఏమనుకోవద్దు. ఈ మంచం అమ్మకి చేయించా. మీరు సోఫా మీద పడుకోండి." హాలంతా నిశ్శబ్దం. అమ్మ మొహం ఎర్రబడింది, "ఏందిరా ఆ మాటలు, చుట్టాల్తో అట్టాగేనా" అంది. మామయ్య వెంటనే లేచాడు, ఏమీ అనుకోలేదు. అత్త మాత్రం నన్నే చూస్తా ఉంది. కాసేపటికి అంది, "మా ఇంటికి మీరొచ్చినప్పుడు నేనూ వంటింట్లోనే గదా అల్లుడూ పడుకునేది."

నేను వాళ్ళింటికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. మంచం మీదే పడుకున్నా ప్రతిసారీ.

ఆ రాత్రి అమ్మ కొత్త మంచం మీద పడుకుంది. నిద్ర పట్టలేదంట, అలవాటు లేక. రెండో రాత్రి పట్టింది. పొద్దున గోడ పట్టుకోకుండా లేచింది. అత్త పోయేముందు ఆ వెల్డింగ్ షాపు నంబరు మామయ్య ఫోన్లో ఎక్కించుకుని పోయింది.

కాబట్టి ఆర్డర్ పెట్టేముందు మంచం మోడల్ కాదు, ఒక ప్రశ్న చూడండి. పోయినసారి చుట్టాలొచ్చినప్పుడు మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకున్నారు? ఒక్కొక్కరి పేరూ రాయండి. ఎవరిదో ఒకరిది గుర్తు రాకపోతే, కొలత తీయాల్సింది వాళ్ళకే.

ఈరోజుకి ఇంతే. మంచం కొలతలు, జాయింట్ల ఫోటోలు వీడియోలో చూపించా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.