ఐర్లండు వెండి చెంచాలు: ముద్రలును, తరువాతి నగిషీయును



లోహపరీక్ష మన స్వర్ణకారవృత్తికిఁ బ్రాణము. అందుచే నేఁటి యుపన్యాసమునకు దూరదేశపు వస్తువగు ఐర్లండు వెండి చెంచాను మేము గ్రహించితిమి. ముద్రను జదువుట యెట్లో, ముద్ర చెప్పని దానిని గనిపెట్టుట యెట్లో యీ చిన్నవస్తువు చక్కఁగ నేర్పును.

డబ్లిన్ నగరమందలి స్వర్ణకారసంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. వేయిపాళ్ళలో 925 పాళ్ళు శుద్ధరజతముగల వస్తువునకుఁ గిరీటముతోఁ గూడిన హార్పువాద్యపు ముద్ర వేయఁబడుచుండెను. పరీక్షాసంవత్సరమును దెలుపు నొక యక్షరమును, పనివాని పేరి పొడియక్షరములును దానికిఁ దోడు. సుంకము చెల్లినదనుటకు గుర్తుగా, కూర్చున్న స్త్రీరూపమగు హైబర్నియా ముద్ర 1730లోఁ జేరెను. 1807 మొదలు సుంకమునకు రాజశిరోముద్ర వచ్చినను, హైబర్నియా తొలఁగింపఁబడక డబ్లిన్ పరీక్షాలయపు గుర్తువలె నిలిచెను. కావున రాజశిరస్సుగల డబ్లిన్ చెంచా 1807కు ముందుది కానేరదు. కార్కు, లిమరిక్కు పట్టణముల పనివారు డబ్లిన్‌కు దూరస్థులగుటచేఁ బలుమాఱు ‘స్టెర్లింగ్’ అను మాటను దమ పొడియక్షరముల ప్రక్కఁ దామే యద్దుచుండిరి.

ఇఁక నలంకారము. 18వ శతాబ్ది చివరిభాగపు చెంచాకాఁడలపైఁ దళుక్కుమనునట్లు పదునైన యులితోఁ గోసిన సన్నని చెక్కడము కానవచ్చును. అది యా కాలపుఁ బద్ధతియే. దానిని శంకింపఁ బనిలేదు. అయితే 19వ శతాబ్దియందుఁ బాతకాలపు సాదాచెంచాల గిన్నెలలోఁ బండ్లు, ఆకులు ఉబ్బెత్తుగా దిద్ది, లోపల బంగారుపూఁత వేసి, ఫలములు వడ్డించు చెంచాలుగా మార్చుట వాడుకయ్యెను. ముద్రమాత్రము పాతదే!

దీని నెట్లు పట్టవలెను? గిన్నెకొన యరిగిపోయియుండఁగాఁ బండ్లయంచులు వాడిగా నుండెనేని, అరుగుదల ముందటిది, నగిషీ తరువాతిది. కాఁడమీఁది లతలు ముద్రలను ద్రొక్కి వంకరచేసినచో నదియు సాక్ష్యమే. పూర్వపు యజమానుని వంశచిహ్నమును గీఁకివేసినచోట వెండి పలుచనగును. వ్రేళ్ళనడుమఁ బట్టి నొక్కిచూచిన దెలియును.

ముద్ర వెండి శుద్ధిని, పరీక్షాకాలమును జెప్పును. పైపని కాలమును జెప్పదు. తరువాతి నగిషీ చెడ్డదని మే మనము. ఆ పనివానికిని నేర్పు గలదు. దానిని మొదటిపనియని చెప్పి యమ్ముటయే దోషము. మనదేశమున బంగారమునకు 2000లోను, వెండికి 2005లోను హాల్‌మార్కు వచ్చినది. ముద్ర యున్నది గదాయని మన పనివారు కంటిని, గీటురాయిని మఱవరాదు. పాతవస్తువునకు అతుకుగాని, నగిషీగాని చేర్చినప్పుడు దానిని జీటిలో వ్రాసి కొనువాని కిచ్చుట మన సంఘీయులెల్లరు నియమముగాఁ గొందురు గాక! పోషకమహాశయులును అట్టి చీటి నడిగి తీసికొందురు గాక!

స్వస్తి.