జెముడు మొక్కలను గూర్చిన ఆన్‌లైను ఉపన్యాసములు - మన కర్తవ్యము

(గత ఆదివారము సాయంకాలము మన సంఘ భవనమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసపాఠము)



నూలు వ్యాపారము చేసికొనువారము ముండ్లమొక్కలను గూర్చి మాట్లాడుటకు నిలుచుంటిమేమని కొందరు నవ్వుకొనుచుండవచ్చును. మరమగ్గములు ఒక్కొక్కటిగా పాత ఇనుము క్రింద అమ్ముడుపోవుచున్న ఈ దినములలో ఇది ఏపాటి సంగతియని మరికొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చివర మనవి చేసికొందుము.

2020 మార్చి నెలాఖరున దేశమంతయు మూతపడినపుడు భివండీలో మగ్గముల చప్పుడు ఆగినది. పుట్టి బుద్ధెరిగిన తరువాత అంతటి నిశ్శబ్దమును మేమెన్నడును వినలేదు. చేయుటకు పనిలేక మేడమీద కుండీలలోని నాలుగు ముండ్లమొక్కలను చూచుకొనుచు కాలము గడుపుచుంటిమి. మా అమ్మాయి సెల్‌ఫోనులో వెదకి, ఈ మొక్కలు పెంచువారికై విదేశములలో ఆన్‌లైను ఉపన్యాసములు జరుగుచున్నవని చూపినది. కాలిఫోర్నియాలో 1929లో స్థాపింపబడిన అమెరికా కాక్టస్ సంఘము, రెండు పాత సంఘములు కలిసి 1983లో ఏర్పడిన బ్రిటిషు సంఘము, ఇంకను అనేక సంఘములు సమావేశములు జరుపుకొను వీలులేక ఇండ్లనుండియే ఉపన్యాసములిప్పించినవి. రోగము తగ్గిన తరువాతను ఆ పద్ధతి నిలిచినది. లండనులో వేసవి సాయంకాలము ఏడున్నర గంటలైనపుడు మనకు సరిగా అర్ధరాత్రి. రాత్రిపాళీ మగ్గము నడిపినవారము; మేలుకొనుట మనకు క్రొత్తగాదు. మెట్రిక్యులేషను ఇంగ్లీషుతో సగము గ్రహించితిమి. మిగిలిన సగము అమ్మాయి చెప్పినది.

అచ్చట నేర్చినవానిలో రెండు మూడు సంగతులు మనవి చేసెదము. కాక్టస్ వేరు, మన జెముడు వేరు. కాక్టస్ కుటుంబపు మొక్కలు దాదాపుగా అన్నియు అమెరికా ఖండములవి. వానికి ముండ్లు మొలచుచోట చిన్న మెత్తవంటి గుబురుండును. గిల్లినచో చాలవానికి పాలు కారవు. మన బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు మరియొక కుటుంబమునకు చెందినవి. గిల్లినచో పాలు కారును. ఆ పాలు కంటబడినచో మిక్కిలి ప్రమాదము. పిల్లలను దూరముంచుడు, మందని చెప్పి ఎవరును వాడవలదు. ఇక నాగజెముడు పేరునకు జెముడేగాని జాతికి కాక్టస్, అమెరికానుండి వచ్చినది.

మరియొక వింత. తక్కిన మొక్కలు పగటివేళ ఆకురంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి గ్రహించును. ఎడారిలో అట్లు చేసినచో నీరంతయు ఆవిరియైపోవును. కనుక ఈ మొక్కలు రాత్రి చల్లని వేళ రంధ్రములు తెరచి, ఆ వాయువును పులుసుగా దాచుకొని, పగలు తలుపులు మూసికొని దానితో ఆహారము వండుకొనును. రాత్రిపాళీ కార్మికులున్న ఊరిలో ఈ మొక్కకు చుట్టరికము లేదందుమా?

అయితే ఆ ఉపన్యాసములు విని, విన్నది విన్నట్లు చేసి మేము నష్టపోతిమి. వారి భయమంతయు చలి, మంచు. మన భయము జూను మొదలు సెప్టెంబరు వరకు కురియు కొంకణపు వాన. మొదటి వర్షాకాలములోనే పదునాలుగు కుండీలలో తొమ్మిది కుళ్లిపోయినవి. మరియొక శత్రువు ఏ విదేశీయుడును చెప్పనిది, దూదినూగు. మగ్గపు కొట్టములనుండి ఎగిరివచ్చు నూగు ముండ్లలో చిక్కి, తేమను పట్టి ఉంచి, పిండినల్లికి ఇల్లగును. ఇప్పుడు మేము పైన పారదర్శకమైన రేకు వేసి, మట్టిలో సగము ఇటుకముక్కలు కలిపి, వానకాలమున నీరు మానివేసి, మెత్తని కుంచెతో వారమునకొకసారి నూగు దులుపుచున్నాము. ఈ పాఠము భివండీవాడే భివండీవానికి చెప్పవలెను.

ఇక ముఖ్య విషయము. ఒకనాటి రాత్రి తెరమీద నాలుగు పలకల పచ్చని తీగ నొకదానిని చూపిరి. మా ప్రక్కింటి పెద్దమ్మ నిద్రపట్టక వచ్చి మా వెనుక కూర్చుండియుండెను. ఆమె చూచి, “ఇది నల్లేరు కాదురా? దీని లేతకాడలతో మా అత్త పచ్చడి నూరేది, చేతులకు నూనె రాసుకొని” అనినది. మా అమ్మాయి ఆశ్చర్యపడినది. “నల్లేరుమీద బండి నడక” అనుమాట ఆ పిల్ల చిన్ననాటినుండి వినినదే. నల్లేరనునది మొక్కయని ఆనాటివరకు తెలియదు. ఆ రాత్రి పెద్దమ్మ కుందేటికొమ్ములు, రణపాల, ఇంకను ఆరేడు పేర్లు చెప్పినది. ఏ గట్టున మొలచునో, పశువులు ఏది ముట్టవో చెప్పినది. తరువాత వ్రాసికొందమని మేము నిర్లక్ష్యము చేసితిమి. మరుసటి సంవత్సరము ఆమె కాలము చేసినది. ఆ ఆరేడు పేర్లలో మాకిప్పుడు జ్ఞాపకమున్నవి రెండే. లక్షల రూపాయల నూలు లెక్క పైసాతో సహా వ్రాసికొన్న చేతికి ఆ నాలుగు మాటలు వ్రాసికొన తీరిక లేకపోయినది. ఈ అపరాధము మాది.

పేరులో ఏమున్నదనువారికి మన వృత్తికి సంబంధించిన కథ యొకటి కలదు. నాగజెముడు జాతులను పెంచుటకు ఈస్టిండియా కంపెనీవారు పాటుపడినది అద్దకపు రంగు కొరకు. మెక్సికోలో ఆ మొక్కలపై పెరుగు కాచినీలు పురుగునుండి మేలైన ఎరుపు వచ్చును. ఆ వ్యాపారము స్పెయినువారి గుప్పిట నుండెను. 18వ శతాబ్ది చివర మదరాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు ఇందుకై తోట వేసెను. 1795లో బ్రెజిలునుండి కలకత్తాకు పురుగును తెచ్చిరి. తీరా చూడగా అది అసలు కాచినీలు కాదు, దాని దాయాది, రంగు నాసి. చిరివేరుతో పండిన మన ఎరుపు ముందు అది నిలువలేదు. మొక్కలు మాత్రము నిలిచి పొలములను కమ్మివేసినవి. పిదప 1830 ప్రాంతములలో ఆ నాసిపురుగునే దక్షిణదేశమునకు తెచ్చి ఒక జాతి నాగజెముడును అణచిరి. మరియొక జాతిని అణచుటకు 1926లో సింహళమునుండి వేరొక పురుగును తెప్పింపవలసి వచ్చినది. ఒక పురుగునకు మరియొక పురుగు పేరు పెట్టుటవలన గదా ఇంత జరిగినది!

మనము నివసించు మహారాష్ట్రములోనే ఒక అపురూపమైన మొక్క కలదు. జున్నరు వద్ద, శివాజీ మహారాజు జన్మించిన శివనేరి కోట కొండచరియలమీద, మరికొన్ని కొండలమీద మాత్రమే అది సహజముగా పెరుగును. డాల్జెల్ అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి, నాటి బొంబాయి గవర్నరు ఫ్రియరు పేర ఫ్రీరియా ఇండికా అని పిలిచెను. మన కుందేటికొమ్ములకు అది దగ్గరి బంధువు. అయితే వానకాలమున ఆకులు తొడుగును, ఎండకు రాల్చును. నక్షత్రమువంటి ముదురెరుపు పూవులపై పసుపు మచ్చలుండును. కోటకు విహారము పోవువారు చూచి ఆనందింపుడు, పెరుకవలదు. దక్షిణాఫ్రికాలో అంగుళమైన లేని చిన్న మొక్కలు 2019 మొదలుకొని లక్షలసంఖ్యలో దొంగిలింపబడినవి. ఉపన్యాసము వినినవానికి ఆశ పుట్టును, ఆశకు ధర పుట్టును, ధరకు దొంగ పుట్టును. మేమును ఒకసారి కొండనుండి త్రవ్వి తెచ్చిన మొక్కయని తెలిసియు కొంటిమి. అది నెల దిరుగకుండ చచ్చినది. వ్యాపారులమగుటచే చెప్పుచున్నాము: కొనువాడు మానినగాని త్రవ్వువాడు మానడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము. ఈ మొక్కలు మగ్గములను నిలుపవు. ఇందులో లాభము వచ్చునని చెప్పి ఎవరిని మోసపుచ్చము. కాని మన తాతలు కరీంనగరు, నల్లగొండ, ఓరుగల్లు సీమలనుండి వచ్చినపుడు తెచ్చినవి రెండు: చేతిలో పని, నోటిలో మాట. పని మారుచున్నది, దానిని ఆపుట మన వశములో లేదు. మాట మన వశములో నున్నది. మరాఠీ, ఇంగ్లీషు బడులలో చదువు పిల్లలకు తెలుగు నేర్పుడని ఊరక చెప్పినచో వినరు. ఒక మొక్కను చేతికిచ్చి పేరు చెప్పినచో విందురు. నివడుంగను మరాఠీ మాటను వారు మానవలదు; దాని ప్రక్కన జెముడను మాటను నిలిపిన చాలును.

కావున మా సూచన యిది. ప్రతి నెల మూడవ ఆదివారము రాత్రి, పాళీ మారిన తరువాత, ఒక గంటసేపు తెలుగులోనే ఒక ఆన్‌లైను ఉపన్యాసము జరుపుదము. షోలాపురము, సూరతులందలి మన బంధువులును, ఊళ్లలో మిగిలిన పెద్దలును అందు చేరవచ్చును. ఒక పెద్ద పేరును, వాడుకను చెప్పవలెను; ఒక యువతియో యువకుడో మొక్కను చూపి శాస్త్రము చెప్పవలెను. ఆ గంటలో అమ్మకములు కూడవు. అడవినుండి త్రవ్విన మొక్కను చూపరాదు. చెప్పిన ప్రతి పేరును సంఘపు పుస్తకములో ఆ రాత్రియే వ్రాయవలెను. మరునాటికి వాయిదా వేయరాదు. ఆ పుస్తకమును మేమే కొని తెచ్చితిమి. మొదటి పుటలో నల్లేరు, కుందేటికొమ్ములు అని రెండే మాటలున్నవి. తక్కిన పుటలు మీవి.