సౌరఫలకముల ఆయువు



2025 జనవరిలో కుప్పము మండలమందలి నడిమూరున ఇండ్ల కప్పులపై సౌరఫలకములు నిలుపు పని ఆరంభమైనది. నాటినుండి మదనపల్లెలోను, పుంగనూరులోను పెద్దలు నన్నడుగు ప్రశ్న యొక్కటే: “25 ఏండ్లు పనిచేయునందురే, చూచినవారెవరు?”

న్యాయమైన ప్రశ్న. నేడు కొను ఫలకము నిన్న తయారైనది. దానిని 25 ఏండ్లు చూచినవారు లేరు. పరీక్షాలయములలో దానిని సున్నకు దిగువ 40 డిగ్రీల చలికిని, 85 డిగ్రీల వేడికిని 200 మారులు మార్చి మార్చి గురిచేయుదురు. అందువలన పుట్టులోపములు బయటపడును గాని ఆయువు తెలియదు. పసిబిడ్డ పుష్టిని చూచి నూరేండ్లు బ్రతుకునని చెప్పగలమా?

స్విట్జర్లాండులోని లుగానోలో 1982లో నిలిపిన ఫలకములు 35 ఏండ్ల పిమ్మటను పనిచేసినవి. అయితే మన యెండ వారికి లేదు. బొంబాయి ఐ.ఐ.టి.వారు మన దేశపు ఫలకములను పరీక్షించి, వేడిసీమలలో క్షీణత హెచ్చని కనుగొనిరి.

నూరు యూనిట్లిచ్చునది ఏటేట నూటికి అర చొప్పున తగ్గినచో 25 ఏండ్లకు 88 ఇచ్చును. ఒకటి చొప్పున తగ్గినచో 78 మాత్రమే. ఈ భేదము ఒక్క యేట కానరాదు. దుమ్మును మబ్బును దానిని మరుగుపరచును.

కావున అప్పుచేసి కొనువారు నూరు యూనిట్ల లెక్కను నమ్మక, తగ్గు లెక్కతో అప్పు తీరునో లేదో చూచుకొనవలెను. ఫలకమునకును కప్పునకును నడుమ గాలి యాడనిండు. ఏటేట ఫిబ్రవరిలో ఫలకము కడిగి, మబ్బులేని పది దినముల యూనిట్లను పుస్తకమున వ్రాసియుంచుడు. హామీ నడుగునాడు మీ పక్షమున సాక్ష్యము పలుకునది ఆ పుస్తకమే.