పద్దెనిమిదేళ్ళకు ఇల్లు దాటిన పిల్లలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతి, ఇంటర్ దాటుతున్న పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. పిల్లలకు ఏం నేర్పాలో నాకంటే బాగా తెలిసినవారు ముందు వరుసలోనే కూర్చున్నారు. అందుకని సలహాల జోలికి పోను. ఉద్యోగరీత్యా అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆరేళ్ళలో దగ్గరగా చూసిన ఒక పద్ధతి గురించి చెబుతాను. మోర్మన్ యువకుల మిషనరీ సేవ అది.

నేను ఆ మతస్థుణ్ణి కాను. మత ప్రచారం మీద ఈ హాల్లోనే పది రకాల అభిప్రాయాలు ఉంటాయని తెలుసు. ఆ చర్చ మరోసారి పెట్టుకుందాం. ఒక సమాజం తన పిల్లల్ని బయటికి ఎలా పంపుతుంది, తిరిగొచ్చినప్పుడు ఎలా చేర్చుకుంటుంది అన్నదే నేను చెప్పబోయేది.

మోర్మన్లని లోకం పిలిచే వీరి సంఘం పూర్తి పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. కేంద్రం ఇప్పుడు యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. మనకు బొత్తిగా తెలియనివారేం కాదు. కొన్ని స్థానిక సంఘాల్ని కలిపి వారు స్టేక్ అంటారు. మన దేశంలో మొట్టమొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

ఆ సంఘంలో అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర మిషనరీలుగా వెళ్తారు. వెళ్ళే వయసు అబ్బాయిలకు 19 ఉండేది, 2012లో 18కి తగ్గించారు. ప్రపంచం మొత్తం మీద ఏ సమయంలో చూసినా వేలాది మంది ఈ పనిలో ఉంటారు. జీతం లేదు సరికదా, ఖర్చు కూడా వాళ్ళదే. అమెరికా కుటుంబాలు నెలకు 400 డాలర్లు కట్టేవి, 2020 జూలై నుంచి అది 500 అయింది. చిన్నప్పటి నుంచి డబ్బాలో దాచుకున్నదీ, వేసవిలో గడ్డి కోసి సంపాదించుకున్నదీ అందులో ఉంటుంది. ఏ దేశం వెళ్ళాలో వాళ్ళు ఎంచుకోరు. ఉత్తరం వస్తుంది, అందులో ఉన్న ఊరికి వెళ్ళాలి.

మా ఆఫీసులో నా పక్క సీటు ఇంజనీరుకు తొంభైల్లో వచ్చిన ఉత్తరంలో తైవాన్ అని ఉంది. అప్పటికి అతను రాష్ట్రం దాటింది రెండుసార్లేనట. ప్రోవో ఊళ్ళోని శిక్షణ కేంద్రంలో రెండు నెలల పైచిలుకు చైనీస్ నేర్పి విమానం ఎక్కించారు. అతను భోజనాల బల్ల దగ్గర చెప్పిన సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అప్పట్లో పొద్దున ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత ఒక గంట ఒంటరిగా చదువు, ఇంకో గంట జోడీతో కలిసి చదువు. ఆపైన భాష. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపలక, తలకు హెల్మెట్, సైకిలు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు గదికి చేరి, మర్నాడు ఏ గంటకు ఎక్కడ ఉండాలో చిన్న పుస్తకంలో రాసుకోవాల్సి ఉండేది. ఒకరు ఇంట్లో లేకపోతే ఆ గంట ఎక్కడికి వెళ్ళాలో కూడా ముందే రాసి ఉండాలి. పదిన్నరకు దీపం ఆర్పేయాలి. సినిమాల్లేవు, టీవీ లేదు. వారానికి ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి. ఆ రోజుల్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మదర్స్ డేకి. ఇప్పుడు కొంత మెత్తబడ్డారు. 2019 నుంచి వారం వారం ఫోను చేసుకోనిస్తున్నారు.

చైనీస్ భాషలో ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాల్లో పలికితే నాలుగు అర్థాలు. 'వెన్' అని ఒక స్వరంలో అంటే అడగడం, మరో స్వరంలో అంటే ముద్దు పెట్టుకోవడం. వెళ్ళిన మొదటి వారంలోనే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, మిమ్మల్ని ఒక మాట అడగవచ్చా అనబోయి ముద్దు పెట్టుకోవచ్చా అన్నాడట. ఆవిడ పగలబడి నవ్వి, ఆ స్వరం సరిగ్గా పలికేదాకా గుమ్మంలో నిలబెట్టి వల్లె వేయించింది. మన తెలుగు మాష్టారు ళ, ణ పలకలేనివాణ్ణి బల్ల ఎక్కించడం గుర్తొచ్చింది నాకు.

ఇంకో చిక్కు టీ. తైవాన్‌లో గడప తొక్కినవారికి ముందు టీ ఇస్తారు. వీళ్ళ మతంలో టీ, కాఫీ నిషేధం. మర్యాద చేసినవారి మనసు నొప్పించకుండా, తన నియమం తప్పకుండా, ఒక గ్లాసు వేడినీళ్ళు అడిగి పుచ్చుకోవడం పందొమ్మిదేళ్ళకు నేర్చుకున్నాడు. ఇవాళ సరుకు సరఫరా చేసే కంపెనీల వాళ్ళతో బేరం తెగనప్పుడు మావాళ్ళు అతణ్ణే పంపేవారు. ఎందుకో ఆ గ్లాసు సంగతి విన్నాక తెలిసింది.

జోడీని కూడా వాళ్ళు ఎంచుకోరు. పెద్దలు ఎవరితో వేస్తే వారితో, కంటికి ఎదురుగా, ఒకే గదిలో ఉండాలి. గురక పెట్టేవాడు, గిన్నెలు కడగనివాడు, అస్తమానం పాడేవాడు, ఎవరైనా సరే. కొన్ని వారాలో నెలలో గడిచాక మళ్ళీ కొత్తవాడు. ఇక తలుపులు. వంద తట్టితే తొంభైకి పైగా మూసుకునేవే. రెండేళ్ళలో అతని మాట విని సంఘంలో చేరినవారు ఒక చేతి వేళ్ళకు సరిపోతారు. మరి ఏం మిగిలిందయ్యా అని అడిగాను. మూసిన తలుపు మీద కోపం పెట్టుకుంటే పక్క తలుపు తట్టలేమని తెలిసిందన్నాడు.

ఇంతవరకు చెప్పింది నెగ్గుకొచ్చినవారి కథ. అసలు నేను చెప్పదలచుకున్నది రెండోది.

సాల్ట్ లేక్ విమానాశ్రయంలో మిషన్ ముగించుకొచ్చేవారికి బెలూన్లు, పేర్లు రాసిన బ్యానర్లతో బంధుమిత్రులంతా ఎదురెళ్తారు. మా పక్కింటి అబ్బాయి దక్షిణ అమెరికాకు వెళ్ళి నాలుగు నెలలకే వచ్చేశాడు. నిద్ర పట్టదు, గుండె దడ, అన్నం సయించదు. డాక్టరు ఇంటికి పంపమన్నారు. ఇలా మధ్యలో వచ్చినవారిని చూస్తే ఆ ఊళ్ళోనూ గుసగుసలే. ఏం తప్పు చేశాడో అనేవారు, వాడికి ఓపిక లేదనేవారు. మన వీధి అరుగుల మీద వినిపించే మాటలకూ వాటికీ భాష ఒక్కటే తేడా.

ఆ తండ్రి చేసిన పని నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ తర్వాత కడదామనుకున్న బ్యానరునే నాలుగో నెలలో ఇంటి ముందు కట్టాడు. తిరిగొచ్చిన ప్రతివారూ ఆదివారం సభలో మాట్లాడడం వారి ఆచారం. సంఘం పెద్ద ఈ అబ్బాయినీ మాట్లాడమన్నాడు. నన్నూ పిలిస్తే వెళ్ళాను. ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. రాత్రిళ్ళు తనకు నిద్ర పట్టకపోతే, మర్నాడు ఆరున్నరకు లేవాల్సి ఉన్నా తన జోడీ కూడా మేలుకుని కూర్చునేవాడని చెప్పి, కుర్చీలోకి వెళ్ళిపోయాడు. కొన్ని నెలలకు, ఇంటి దగ్గరే ఉంటూ చేసే సేవా మిషన్‌లో చేరి, పేదలకు సరుకులిచ్చే గిడ్డంగిలో పెట్టెలు సర్దాడు. రెండేళ్ళు పూర్తి చేసినవారికి ఆ సంఘం ఇచ్చే గౌరవం ఎటూ ఉంది. ఆ ఆదివారం మాత్రం చేయలేకపోయినవాడికి కూడా ఒక కుర్చీ, ఒక మైకు, ఒక పని దొరికాయి. అన్ని ఇళ్ళలోనూ ఇలాగే జరుగుతుందని నేను అనను. అక్కడ జరిగింది.

మనవాళ్ళ సంగతికి వద్దాం. మన పిల్లలూ పదహారేళ్ళకు హాస్టలు పెట్టె సర్దుకుంటారు. ర్యాంకుతో వస్తే ఫ్లెక్సీ కడతాం. మధ్యలో వచ్చేస్తే ఆ పిల్లవాడు కొన్ని నెలలపాటు పగటిపూట వీధిలోకి రాడు. ఈ బడిలో పాఠాలు చెప్పిన ప్రతి మాష్టారికీ అలాంటివాడి పేరు ఒకటి గుర్తుంటుంది. మా బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఏ ఆత్మీయ సమ్మేళనానికీ రారు. పిలవలేదని కాదు, వచ్చి ఏం చెప్పుకోవాలని.

మన సంఘం ఇచ్చే ఉపకార వేతనానికి ఒక నియమం ఉంది. మొదటి ప్రయత్నంలోనే అన్ని సబ్జెక్టులూ పాసై ఉండాలి. డబ్బు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ ఉన్న రోజుల్లో పెద్దలు రాసిన నియమం అది. వారిని తప్పు పట్టను. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో దానికి ఒక వాక్యం చేర్చమని కోరుతున్నాను. ఏటా రెండు వేతనాలు, పరీక్ష తప్పి మళ్ళీ రాస్తున్నవారికి, చదువు మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెడుతున్నవారికి కేటాయించాలి. వారి పేర్లు మిగతావారి పేర్లతో కలిపి ఇదే వేదిక మీద చదవాలి. మొదటి మూడేళ్ళ ఖర్చు మా 1986 బ్యాచ్ భరిస్తుంది. తీర్మానం కాగితం కార్యదర్శిగారి చేతిలో ఉంది. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశానికి అందరూ ఉండి, మీ అభిప్రాయం చెప్పండి.