వడ్డీకి వడ్డీ



ఈరోజు రెండు రకాల పెరుగుదల గురించి చెప్పుకుందాం. పలక, బలపం దగ్గర పెట్టుకోండి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఒకామె నడిచి పోతోంది. గంటకు 4 కిలోమీటర్లు నడుస్తుంది. రెండు గంటలకు 8, మూడు గంటలకు 12. సిరివెళ్ల దాటినా అంతే, గంటకు 4 కలుస్తుంది. ఇది కూడికతో పెరగడం. బారువడ్డీ ఇలాగే పెరుగుతుంది.

ఇప్పుడు అప్పు సంగతి చూద్దాం. ఒకామె 1000 రూపాయలు తీసుకుంది. లెక్క తేలిగ్గా ఉండాలని నెలకు నూటికి 10 వడ్డీ అనుకుందాం. ఆమె ఏమీ కట్టలేదు. వడ్డీని అసలులో కలిపేశారు. బాకీ ఇలా పెరిగింది:

మొదటి నెల 1100
రెండో నెల 1210
మూడో నెల 1331

ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయండి. మొదట 100 పెరిగింది, తర్వాత 110, తర్వాత 121. పెరిగేది సమానంగా లేదు. ఇప్పుడు భాగించండి. 1100ని 1000తో, 1210ని 1100తో, 1331ని 1210తో. ప్రతిసారీ 1.1 వస్తుంది. ఇది గుణకారంతో పెరగడం. దీన్నే చక్రవడ్డీ అంటారు.

గుర్తు ఇదే: తీసివేస్తే సమానం వస్తే కూడిక. భాగిస్తే సమానం వస్తే గుణకారం.

బడి లెక్కల్లో 1.1ని మూడుసార్లు గుణించాలంటే దాని నెత్తిన చిన్నగా 3 వేస్తారు. ఆ అంకె పేరు ఘాతాంకం. ఇక్కడ నెలల సంఖ్యే ఘాతాంకం. నెలలు గడిచేకొద్దీ బాకీ ఉరుకుతుంది.

ఏడాదికి బారువడ్డీ అయితే 2200 కట్టాలి. చక్రవడ్డీ అయితే 3138. రెండేళ్లకు బారువడ్డీతో 3400, చక్రవడ్డీతో దాదాపు 9850! చక్రవడ్డీలో ఎనిమిదో నెలకే వడ్డీ అసలును దాటిపోతుంది.

ఇలాంటి అప్పుల బాధలు చూసే 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చారు. ఆ తర్వాత చట్టం చేశారు. ఆ సంస్థలు అసలును మించి వడ్డీ వసూలు చేయరాదని అందులో రాశారు.

ఈ లెక్క మనకు మేలు కూడా చేస్తుంది. పొదుపు సొమ్మును తీయకుండా ఉంచితే, దాని వడ్డీకీ వడ్డీ వస్తుంది.

అక్కలారా, వేలిముద్ర వేసిన రోజుల్లో నోటులో ఏముందో మనకు తెలియదు. ఇప్పుడు చదవడం వచ్చింది. సంతకం పెట్టేముందు మూడు మాటలు అడగండి. వడ్డీ నెలకా, ఏడాదికా? బారువడ్డీనా, చక్రవడ్డీనా? ఏడాదికి మొత్తం ఎంత కట్టాలి? జవాబు కాగితం మీద రాయించుకోండి. మీరే లెక్క వేయండి. ఆ తర్వాతే సంతకం.